తెరిచిన కిటికీలు మూసే పని

సుదీర్ఘ ఫాంటసీ కథ మొదటి భాగంలో రచయితకు అడ్డుండదు. కొత్త లోకం, మాట్లాడే ఎలుగుబంట్లు, అడిగిన ప్రశ్నకు నిజం చెప్పే యంత్రం, ఏది ఇచ్చినా పాఠకుడు సంతోషంగా పుచ్చుకుంటాడు. ఆఖరి భాగానికి వచ్చేసరికి ఇచ్చిన ప్రతి మాయకూ లెక్క చెప్పాలి. చాలామంది రచయితలు అక్కడొక మహాయుద్ధం పెట్టి, ఆ గందరగోళంలో లెక్కలు కనబడకుండా చేస్తారు. ఫిలిప్ పుల్‌మన్ కూడా యుద్ధం పెట్టాడు. అయితే ‘హిజ్ డార్క్ మెటీరియల్స్’ మూడో నవల ‘ది ఆంబర్ స్పైగ్లాస్’ గుర్తుండిపోయేది యుద్ధం వల్ల కాదు. రెండో భాగంలో మనం మురిసిపోయిన ఒక పనిముట్టుకు అసలు ఖరీదెంతో మూడో భాగంలో పైసాతో సహా కట్టించాడు. ఆ కట్టించిన తీరును దగ్గరగా చూడాలనే ఈ పరిచయం.

1946లో నార్విచ్‌లో పుట్టిన పుల్‌మన్ ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుని, అక్కడి బడుల్లోనే చాలాకాలం పాఠాలు చెప్పాడు. గ్రీకు పురాణగాథలను, హోమర్ కావ్యాలను తరగతిలో పుస్తకం చూడకుండా నోటితో చెప్పేవాడు. పిల్లలు ఎక్కడ చెవి రిక్కిస్తారో, ఎక్కడ కిటికీలోంచి బయటికి చూస్తారో తెలిసిన మనిషి. ఈ మూడు నవలల్లో మొదటిది ‘నార్తర్న్ లైట్స్’ 1995లో, రెండోది ‘ది సటిల్ నైఫ్’ 1997లో వచ్చాయి. మూడోది 2000లో వచ్చింది. 2001 సంవత్సరానికి విట్‌బ్రెడ్ ‘బుక్ ఆఫ్ ది ఇయర్’ బహుమతి దానికే ఇచ్చారు. పెద్దల సాహిత్యంతో పోటీపడి ఒక పిల్లల పుస్తకం ఆ ప్రధాన బహుమతి గెలవడం అదే మొదటిసారి.

ముందు రెండు భాగాల సంగతి కొంచెం తెలిస్తే గానీ మూడోదాని పనితనం అర్థం కాదు. లైరా పెరిగిన ఆక్స్‌ఫర్డ్ మన ఆక్స్‌ఫర్డ్ కాదు. అక్కడ మనిషి ఆత్మ జంతురూపంలో బయటే, పక్కనే తిరుగుతూ ఉంటుంది. దాన్ని డీమన్ అంటారు. పిల్లల డీమన్లు క్షణానికో రూపం మారుస్తాయి, యౌవనం వచ్చేసరికి ఒక రూపంలో స్థిరపడతాయి. ఇక ధూళి అనేది కంటికి ఆనని కణాల ప్రవాహం. తెలివిడి ఉన్నచోటికి అది చేరుతుంది. పసివాళ్ళను పెద్దగా పట్టించుకోకుండా, ఎదిగినవాళ్ళ మీద వాలుతుంది. ఆ లోకాన్ని ఏలే మతపీఠం మెజిస్టీరియం దృష్టిలో ఆ ధూళి ఆదిపాపానికి గుర్తు. రెండో భాగంలో మన లోకపు కుర్రవాడు విల్ ప్రవేశిస్తాడు. అతని చేతికి ఒక కత్తి వస్తుంది. దాని ఒక అంచు ఏ పదార్థాన్నయినా కోస్తుంది. రెండో అంచు గాలిలో సందు వెతుక్కుని, ఒక లోకంలోంచి మరో లోకంలోకి కిటికీ తెరుస్తుంది.

మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ను తలకిందులు చేసి చెప్పాలన్నది పుల్‌మన్ సంకల్పం. మొత్తం నవలాత్రయం పేరు కూడా ఆ కావ్యం రెండో సర్గలోంచి తీసుకున్నదే. ఏదెను తోటలో పండు తినడం పతనం కాదు, మనిషి ఎదుగుదలకు మొదలు అంటాడాయన. లైరా రెండో ఈవ్ అవుతుందని మంత్రగత్తెల జోస్యం. ఇంత బరువైన సంకల్పంతో బయల్దేరిన పుస్తకం ఉపన్యాసంగా మారిపోవడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి. అక్కడక్కడ మారింది కూడా. ఎక్కువచోట్ల మారకపోవడానికి కారణం, రచయిత తన సిద్ధాంతాన్ని వస్తువులకు, వాటి పనితీరుకు అప్పగించడమే.

రెండుసార్లు విరిగిన కత్తి

మూడో భాగం మొదట్లో లైరా హిమాలయాల్లోని ఒక గుహలో మత్తులో పడి ఉంటుంది. దాచింది కన్నతల్లి మిసెస్ కూల్టర్. ఆ నిద్ర ఎంత పొడుగైనదో పాఠకుడికి అనుభవమయ్యేలా, తొలి అధ్యాయాల నడుమ లైరా కలను ముక్కలుగా పెడతాడు పుల్‌మన్. ఒక ముక్క వాక్యం మధ్యలో ఆగిపోతుంది, నడుమ వేరే లోకపు కథ నడుస్తుంది, మళ్ళీ కల అదే వాక్యంలోంచి అందుకుంటుంది. ఆ కలలోనే చనిపోయిన స్నేహితుడు రోజర్ కనబడతాడు. తర్వాత కథ మొత్తం మృతుల లోకానికి మళ్ళడానికి కారణం అలా అడుగున పారుతూ ఉంటుంది.

విల్ ఆమెను విడిపించడానికి వస్తాడు. గుహలోంచి తప్పించుకోవడానికి కిటికీ కోస్తుండగా మిసెస్ కూల్టర్ అతనివైపు చూస్తుంది. ఆ చూపులో తన తల్లి గుర్తొస్తుంది. మతిస్థిమితం లేని ఆ తల్లిని చిన్నప్పటినుంచీ కాపాడుకుంటూ వచ్చి, తప్పనిసరై పరాయివాళ్ళ దగ్గర వదిలి వచ్చిన పిల్లవాడు విల్. మనసు చెదురుతుంది, కత్తి ముక్కలవుతుంది. కత్తిమొనలో మనసు నిలపాలన్నది రెండో భాగంలోనే నేర్పిన నియమం. విరగడం హఠాత్తుగా జరిగినా, నియమానికి కట్టుబడే జరిగింది.

ముక్కలను అతికేది కవచపు ఎలుగుబంటి యోరెక్ బిర్నిసన్. కొలిమి అధ్యాయం పుస్తకానికి వెన్నెముక అని నా అభిప్రాయం. లోహపు రంగు చూసి వేడి కట్టడం, పొరలుగా పేరుకునే మసిని తప్పించడం, సరిగ్గా ఆ క్షణంలో దెబ్బ వేయడం, ఇవన్నీ పనివాడి చేతుల మీదుగా సాగుతాయి. విల్ తన వంతుగా ముక్కల్లోని అణువులన్నీ కలవాలని మనసులో పట్టి ఉంచాలి. అయితే ఈ పనికి ఒప్పుకునేముందే యోరెక్ ఒక సందేహం చెబుతాడు. నువ్వు ఒకటి అనుకుని వాడతావు గానీ, పనిముట్టుకు దాని ఉద్దేశాలు దానికి ఉండవచ్చు, నీకు తెలియకుండానే అది ఇంకేదో చేస్తూ ఉండవచ్చు అన్నది దాని సారం. మొదటిసారి చదివేటప్పుడు మనకు తొందర, కత్తి అతికితే చాలు. ఆ మాటను ముసలి యోధుడి చాదస్తంగా దాటేస్తాం. పుల్‌మన్‌కు కావలసిందీ అదే. పుస్తకం చివరలో పిల్లల గుండె పగలగొట్టే నిజాన్ని అందరి ముందూ చెప్పేసి, మన తొందర చాటున దాచిపెట్టాడు.

అతికిన కత్తి మునుపటిలా నున్నగా ఉండదు. ముక్కలు కలిసిన గీతలు కనబడుతూనే ఉంటాయి. అది మళ్ళీ విరిగేది చిట్టచివర. ఇక ఎవరూ కిటికీ తెరవకుండా ఉండాలంటే దాన్ని నాశనం చేయాలి. దాన్ని విరగ్గొట్టే ఉపాయం విల్‌కు ఒకటే తెలుసు. మునుపటిలాగే తల్లిని తలుచుకుంటాడు. కత్తి విరగదు. అప్పుడు లైరాను తలుచుకుంటాడు. విరుగుతుంది. ఆ కుర్రవాడు ఎంత పెరిగాడో, అతని మనసు ఎక్కడికి చేరిందో చెప్పడానికి ఇంకో రచయిత రెండు పేజీలు రాసేవాడు. ఇక్కడ మొదటి సంఘటనను యథాతథంగా మళ్ళీ జరిపించి, ఒక్క అంశం మార్చాడు. ఆ మార్పే విల్ వయసు చెబుతుంది.

అబద్ధం ఎక్కడ చెల్లుతుంది

రోజర్‌కు క్షమాపణ చెప్పుకోవడానికి లైరా బొందితో మృతుల లోకానికి బయల్దేరుతుంది. పడవవాడు ఆమె డీమన్ పాంటలైమన్‌ను ఎక్కించుకోనంటాడు. లైరా వాణ్ణి ఒడ్డున వదిలి వెళ్తుంది. లైరా ఒక ఘోరమైన నమ్మకద్రోహం చేస్తుందని, దాని బాధ ఆమే పడుతుందని మొదటి భాగంలో జోర్డన్ కాలేజీ పెద్ద అని ఉన్నాడు. రోజర్‌ను తెలియక మృత్యువు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడే ఆ జోస్యం తీరిపోయిందనుకుని మనం మరిచిపోయాం. అసలు ద్రోహం ఇదీ, తన ఆత్మనే ఒడ్డున వదలడం. అయిదేళ్ళ కిందటి నవలలోని మాటకు ఇక్కడ అర్థం దొరుకుతుంది.

ఆవలి ఒడ్డున కాపలా ఉన్నవి హార్పీలు, అంటే స్త్రీముఖం, పక్షిదేహం ఉన్న భయంకర ప్రాణులు. లోపలికి పోనివ్వమని లైరా తనకు అలవాటైన విద్య చూపుతుంది. గొప్పింటి తల్లిదండ్రులు, ఎత్తుకుపోవడాలు, తప్పించుకోవడాలు అంటూ కట్టుకథ అల్లుతుంది. మొదటి భాగంలో కవచపు ఎలుగుబంట్ల రాజునే బురిడీ కొట్టించిన నోరు అది. హార్పీ మీదపడి రక్కుతుంది. రెండున్నర నవలలుగా ఆమెను కాపాడిన ఒకే ఒక ఆయుధం అక్కడ పనికిరాకుండా పోయింది.

తర్వాత మృతుల గుంపు బతికిన లోకం గురించి చెప్పమని అడుగుతుంది. ఈసారి లైరా నిజం చెబుతుంది. ఆక్స్‌ఫర్డ్ శివార్లలో ఇటుకలు కాల్చేవాళ్ళ పిల్లలతో మట్టిగుంటల్లో చేసిన యుద్ధం, మట్టి వాసన, ఎండ, బురదలో మునిగిన బట్టలు. మాయలేదు, మలుపు లేదు. హార్పీలు కదలకుండా వింటాయి. ఇంతకాలం చనిపోయినవాళ్ళలోని చెడును మాత్రమే మేసిన వాటికి నిజం ఆహారమని అప్పుడు తెలుస్తుంది. ఒప్పందం కుదురుతుంది. ఇకనుంచి వచ్చే ప్రతి మృతుడూ తన జీవితంలో తాను చూసినదీ చేసినదీ నిజంగా చెప్పాలి. చెబితే హార్పీలు దారి చూపి వెలుపలికి చేరుస్తాయి. అంటే బతికినన్నాళ్ళూ కళ్ళు తెరుచుకుని బతకాలి, లేకపోతే చెప్పడానికి కథ ఉండదు. తరగతి గదిలో ఏళ్ళతరబడి కథలు చెప్పిన మాస్టారు తన నమ్మకాన్ని ఇంతకంటే సూటిగా కథగా మార్చలేడు.

ఇక్కడితో ఆగి ఉంటే ‘సత్యమే పలకవలెను’ అన్న నీతిపాఠం అయ్యేది. పుల్‌మన్ దానికి ఎదురుగా ఇంకో దృశ్యం నిలబెట్టాడు. స్వర్గాధికారం చేజిక్కించుకున్న దేవదూత మెటాట్రాన్ ముందు మిసెస్ కూల్టర్ నిలబడి, స్వర్గం మీద యుద్ధానికి దిగిన లైరా తండ్రి లార్డ్ ఆజ్రియల్‌ను తాను పట్టిస్తానని అబద్ధం చెబుతుంది. మెటాట్రాన్ ఆమె అంతరంగం చూడగలడు, చూస్తాడు. క్రౌర్యం, అధికారదాహం, ద్రోహబుద్ధి అన్నీ కనబడతాయి, అన్నీ నిజమే. ఆ చీకటి అంత దట్టంగా ఉంది కాబట్టే దాని వెనక బిడ్డమీద పుట్టిన ప్రేమ అతనికి కనబడదు. అబద్ధం పారుతుంది. ఆమె, ఆజ్రియల్, మెటాట్రాన్ ముగ్గురూ అగాధంలో పడిపోతారు. కూతురి అబద్ధం ఓడిపోయిన పుస్తకంలోనే తల్లి అబద్ధం కూతురి ప్రాణం కాపాడింది. తన చెడ్డతనాన్నే ముసుగుగా వాడుకుని ఒకే ఒక మంచిపని చేసిన పాత్రను మలచడం మామూలు నేర్పు కాదు.

చక్రాల మీద తిరిగే జీవులు

కథ ఇంత జోరుగా సాగుతుండగా, మేరీ మలోన్ అనే భౌతికశాస్త్రవేత్త ఎక్కడో మరో లోకంలో తీరిగ్గా జంతువులను గమనిస్తూ ఉంటుంది. ఒకప్పుడు సన్యాసిని, ఇప్పుడు ధూళి మీద పరిశోధకురాలు. తొలిసారి చదివేవాళ్ళు ఈ అధ్యాయాలు వచ్చినప్పుడు విసుక్కుంటారు. నిజానికి పుల్‌మన్ ఊహాశక్తి కట్టుదిట్టంగా పనిచేసింది ఇక్కడే.

ములేఫా అనే ఆ జీవులకు వెన్నెముక లేదు, అస్థిపంజరం డైమండ్ ఆకారపు చట్రం. ముందొక కాలు, వెనకొక కాలు, పక్కలకు రెండు. మహావృక్షాల నుంచి రాలే గుండ్రటి గట్టి కాయలను ముందు వెనక కాళ్ళకు చక్రాల్లా తగిలించుకుని, ఒకప్పటి లావా గట్టిపడి ఏర్పడిన నున్నటి దారుల మీద దొర్లిపోతాయి. కాయలోని నూనె ఇరుసుకు కందెన. ఆ నూనెవల్లే వాటికి తెలివిడి కూడా. ఎన్నాళ్ళో దారి మీద దొర్లి మోదుకుంటే గానీ కాయ పగలదు, పగిలితే గానీ విత్తనం మొలవదు. చెట్టుకు జీవి కావాలి, జీవికి చెట్టు కావాలి, రెంటికీ ఆ రాతిదారి కావాలి. చిన్న సంగతులు కూడా ఈ తర్కంలోంచే పుడతాయి. ముడి వేయాలంటే రెండు ములేఫాలు తొండాలు కలపాలి. మేరీ ఒక్కతే రెండు చేతులతో ముడి వేస్తుంటే వాటికి ఆశ్చర్యం. ఒంటరిగా చేసుకోగలగడం గొప్ప అనుకున్న మేరీకి, అందువల్లే మనుషులు ఒకరికొకరు దూరమయ్యారేమో అన్న ఆలోచన వస్తుంది.

ఆ చెట్లు మూడు వందల ఏళ్ళుగా చచ్చిపోతున్నాయి. కారణం వెతకడానికి మేరీ చెట్ల లక్కతో పొర మీద పొర వేసి పలక తయారుచేస్తుంది. రెండు పలకలను జానెడు ఎడంగా పెట్టి, కాయనూనె పూసి చూస్తే ధూళి ప్రవాహం కనబడుతుంది. పుస్తకానికి పేరిచ్చిన దుర్భిణి ఇదే. పైనుంచి రాలి పువ్వుల్లో పడవలసిన ధూళి సముద్రం వైపు కొట్టుకుపోతోంది. ఎక్కడో గండి పడింది. మూడు వందల ఏళ్ళు అన్న అంకె దగ్గర పాఠకుడు ఆగాలి. చిట్టగాట్సే నగరంలో ఆ సూక్ష్మమైన కత్తి తయారైనదీ అప్పుడే. తీరికగా సాగుతున్న జంతుశాస్త్రం కథలో పక్కదారి అనుకున్నది కాస్తా కత్తి మీద నడుస్తున్న కేసులో ముఖ్య సాక్ష్యమని తేలుతుంది.

మేరీకి అప్పగించిన పాత్ర ఏదెను తోటలోని పాము. చివరకు ఆమె చేసే ప్రలోభం ఏమిటంటే, తాను సన్యాసం ఎందుకు వదిలిందో పిల్లలకు చెప్పడం. లిస్బన్‌లో ఒక సమావేశం, రాత్రి భోజనం, నాలుక మీద బాదంమిఠాయి రుచి తగలగానే పన్నెండేళ్ళప్పటి ఒక అబ్బాయి గుర్తుకు రావడం, అంతే. లైరాలో తనకే తెలియని గదులు తెరుచుకుంటాయి. మర్నాడు ఆమె ఒక ఎర్రటి పండు విల్ పెదవులకు అందిస్తుంది. ధూళి మళ్ళీ రాలడం మొదలవుతుంది. యుగాల వేదాంత వివాదానికి తీర్పు చెట్లనీడలో ఇద్దరు పిల్లల మధ్య వచ్చింది.

పెద్ద ఘట్టం చిన్నగా, చిన్న నియమం పెద్దగా

దేవుడినని చెప్పుకుంటూ లోకాలను ఏలిన ‘అథారిటీ’ మరణం ఈ నవలను వివాదంలోకి నెట్టిన ఘట్టం. చదివితే అది పేజీ పాటి దృశ్యం. స్ఫటికపు పల్లకీలో వణికిపోతున్న ఒక అతివృద్ధుణ్ణి చూసి పిల్లలిద్దరికీ జాలేస్తుంది. స్ఫటికం కోసి చేయి పట్టుకుని బయటికి దింపుతారు. గాలి తగలగానే ఆయన కరిగిపోతాడు, ముఖంలో ఉపశమనం. ఆయనెవరో వాళ్ళకు తెలియదు. ఆజ్రియల్ మహాసైన్యాన్ని కూడగట్టింది ఆ పని కోసమే. అది ఇద్దరు పిల్లల దయవల్ల, వాళ్ళకే తెలియకుండా జరిగిపోయింది. ఎంత కోపం ఉన్న రచయితకైనా ఈ నిగ్రహం అరుదు.

దీనికి పూర్తి భిన్నంగా, కిటికీల నియమం దగ్గర పుల్‌మన్ ఎంత తీరికగానైనా ఆగుతాడు. తెరిచిన ప్రతి కిటికీలోంచి ధూళి కారిపోతోంది. కోసిన ప్రతిసారీ పెద్దవాళ్ళ ప్రాణసారాన్ని తినే ఒక స్పెక్టర్ పుడుతోంది. అన్నీ మూసేయాలి, ఒకటి తెరిచి ఉంచడానికి మాత్రం వీలుంది. ఇద్దరూ ఆశపడతారు. మరుక్షణం గుర్తొస్తుంది, ఆ ఒక్కటీ మృతుల లోకంలోంచి బయటికి దారితీసే కిటికీ. పోనీ ఒకరి లోకంలో మరొకరు ఉండిపోదామంటే, పరాయి లోకంలో డీమన్ ఎన్నాళ్ళో బతకదు. విల్ తండ్రి పదేళ్ళకే జబ్బుపడి క్షీణించడం రెండో భాగంలో చూశాం. ఒక్కొక్క దారీ పిల్లలే వెతుకుతారు, ఒక్కొక్కటీ మనం ముందే చదివిన ఏదో ఒక సంగతివల్ల మూసుకుపోతుంది. ఎడబాటును విధి మీద తోయలేదు, దుష్టుడి మీదా తోయలేదు. కత్తి పనితీరులోంచి, దాన్ని వాడినవాళ్ళ చేతుల్లోంచి అది వచ్చింది. రెండో భాగంలో విల్ గాలిని కోసినప్పుడల్లా సంబరపడిన పాఠకుడికీ అందులో వాటా ఉంది.

లోపాలు లేవని కాదు. లైరా జుట్టు పాయ ఆధారంగా ఎక్కడో ఉన్న ఆమెను చంపే బాంబు వ్యవహారం అతికినట్టుండదు. యుద్ధం హడావుడిగా ముగుస్తుంది. చివరి నియమాల్లో కొన్నింటిని దేవదూత జఫానియా నోటితో ఏకబిగిన చెప్పించడం తొందరపాటే. సాక్ష్యాలన్నీ ముందే పోగై ఉండటంవల్ల ఆ తొందర క్షమించదగ్గదిగా మిగిలింది. మెజిస్టీరియంలో ఒక్క మంచి మనిషైనా ఉండి ఉంటే వాదం ఇంకా బలపడేదని మతవిశ్వాసం ఉన్న పాఠకులు అంటే కాదనలేం.

ఇంకొక ముగింపు మాత్రం తప్పక చెప్పుకోవాలి. నిజం చెప్పే యంత్రం అలీథియోమీటర్‌ను లైరా పుస్తకం అవసరం లేకుండా, ఊపిరి తీసినంత సులువుగా చదివేది. ఎదిగిన మరుక్షణం ఆ వరం పోతుంది. అప్పుడు ఆమెకు దొరికే ఊరట ఒకటే. వరంగా వచ్చినదాన్ని శ్రమతో మళ్ళీ సంపాదించుకోవచ్చు. ఏళ్ళ తరబడి చదవాలి, జీవితమంతా పట్టవచ్చు, కానీ అలా వచ్చిన విద్య మొదటిదానికన్నా లోతుగా ఉంటుంది. బాల్యపు సహజసౌందర్యం పోయినా జ్ఞానం దారిన అంతకు మించినది అందుకోవచ్చన్న ఈ ఆలోచనకు మూలం జర్మన్ రచయిత క్లైస్ట్ తోలుబొమ్మలాట మీద రాసిన వ్యాసం. ఆ రుణాన్ని పుల్‌మన్ పుస్తకం చివర మిల్టన్, బ్లేక్‌ల పేర్లతో కలిపి ఒప్పుకున్నాడు. పిల్లల ఫాంటసీలు చాలావరకు అసాధారణ శక్తి దొరకడంతో మొదలై, ఆ శక్తి గెలవడంతో ముగుస్తాయి. ఇది శక్తి పోయి చదువు మొదలవడంతో ముగుస్తుంది. పన్నెండు పదమూడేళ్ళ పాఠకుణ్ణి ఇంత గౌరవించిన ముగింపు నేను వేరే చూడలేదు.

చదవాలనుకునేవాళ్ళు ‘నార్తర్న్ లైట్స్’ నుంచే మొదలుపెట్టాలి, ఇది విడిగా నిలబడే పుస్తకం కాదు. మేరీ అధ్యాయాలను దాటవేయకండి. మొత్తం పూర్తయ్యాక, పుస్తకం పక్కన పెట్టేముందు, కత్తి అతికేముందు యోరెక్ అన్న మాటలున్న అధ్యాయం ఒక్కటి తిరిగి చదవండి. జరగబోయేదంతా అక్కడే, మన ముందే చెప్పి ఉంచాడని అప్పుడు తెలుస్తుంది. అంత ధైర్యంగా ముందే చెప్పి కూడా మనల్ని చివరిదాకా ఆశతో నడిపించగలగడమే పుల్‌మన్ పనితనం.